ఖాళీ ఇంటికి ఆదివారం బుట్ట

మా వదిన ఫువాతినో మొండిది. ఈ మాట నేనంటే ఆడపడుచు మీద అక్కసు అనుకుంటారని తెలుసు. అనుకోనీ. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆవిడ తమ్ముడితో కాపురం చేస్తున్నదాన్ని. ఆ వంశంలో మొండితనం ఎంతుందో, అందులో ఎవరి వాటా ఎంతో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తమ్ముడికి వచ్చిన వాటా తక్కువేం కాదు. కాకపోతే ఆయన మొండితనం మా సంఘాన్ని రెండు ముక్కలు చేయబోయింది, ఆవిడ మొండితనం దాన్ని ఒక్కటిగా పట్టి ఉంచింది.

ఆవిడకిప్పుడు అరవై ఆరు. మా ఫాగాలోతోలోనే పుట్టింది, ఊరి ఈ కొసన ఉన్న ఇంటి నుంచి ఆ కొసన ఉన్న ఇంటికి కోడలిగా వెళ్లింది. సవాయి దీవి దాటి పోయింది రెండే రెండుసార్లు. రెండుసార్లూ పడవలో వాంతులు చేసుకుని, దేవుడు సముద్రాన్ని చేపల కోసం చేశాడు గానీ నా కోసం కాదని తేల్చేసింది. చాపలు అల్లుతుంది. నవ్విందంటే ఒళ్లంతా నవ్వుతుంది, పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఊగాల్సిందే. నలభై ఏళ్లుగా అయ్యగారింటి అరుగు మీద ఊళ్లో పిల్లలకి అక్షరాలు దిద్దిస్తోంది, వాక్యాలు కంఠతా పట్టిస్తోంది. నా అయిదుగురు పిల్లలూ ఆ అరుగు మీదే ఆవిడ చేత చెవులు మెలి పెట్టించుకున్నారు.

మా సంఘ కాపరి అయ్యగారు ఇరవై ఏడేళ్లు మా దగ్గరే ఉన్నారు. వయసు మీద పడి, పోయిన ఏడు ఆగస్టులో సెలవు తీసుకున్నారు. ఆయనా అమ్మగారూ పడవెక్కిన రోజున రేవులో ఏడవనివాళ్లు లేరు. కొత్త అయ్యగారిని పిలుచుకునేదాకా ఆరాధన నడిపే పని మా వదిన మొగుడు సెమీసి అన్నయ్య మీద పడింది. ఆయన సంఘ పెద్ద, దేవుడిలాంటి మనిషి. కానీ ఆయనకి వచ్చిన ప్రసంగం ఒక్కటే, యోనా ప్రవక్తను చేప మింగిన కథ. ఏ వాక్యం చదివి మొదలుపెట్టినా పది నిమిషాల్లో చేప దగ్గరికి వచ్చేవాడు.

మా ఊళ్లో తొమ్మిది కుటుంబాలు. ఆదివారం అయ్యగారింటికి భోజనం పంపడం వంతుల ప్రకారం నడుస్తుంది. తెల్లవారకముందే మగవాళ్లు రాళ్ల పొయ్యి వెలిగించి, చేమదుంపలు, సీమపనస కాయలు, చేపలు, చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు అన్నీ కాలిన రాళ్ల మీద పేర్చి ఆకులు కప్పుతారు. ఆరాధన అయ్యాక వంతుగలవాళ్లు కొబ్బరాకు బుట్టలో అవి పెట్టుకుని అయ్యగారింటికి మోస్తారు. మిగతా ఊరంతా ఇళ్లకి పోయి తింటుంది. మా తాతల నాటి నుంచీ ఒక్క ఆదివారం తప్పలేదు.

అయ్యగారు వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం వదిన వాళ్ల వంతు. యోనా చేపలోంచి బయటపడ్డాడు, అందరం ముగింపు గీతం పాడాం. ఆవిడ అలవాటుగా బుట్ట నెత్తికెత్తుకుంది, అలవాటుగా అయ్యగారింటికి నడిచింది, అలవాటుగానే మెట్ల దగ్గర ఆగి, "అమ్మగారూ! వేడిగా ఉంది, జాగ్రత్తగా అందుకోండి!" అని కేకేసింది.

తలుపుకి తాళం వేసి ఉంది. మందిరం ముందు నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

"ఇంటికి తీసుకుపో అక్కా," అన్నాడు మా ఆయన ఫిలీపో, నలుగురిలో సిగ్గుపడుతూ. ఆయన మా వంశానికి పెద్ద. పరువు ఆయనకి ప్రాణం.

"అయ్యగారి గడప దాకా వచ్చిన బుట్ట వెనక్కి పోతుందా? ఎప్పుడైనా పోయిందా?" అంది వదిన. ఆవిడ నవ్వలేదు. బుట్ట దింపి మెట్టు మీద కూర్చుంది. "రండి. అందరూ రండి. అయ్యగారు లేరు గానీ అరుగుంది కదా."

ఎవరూ కదల్లేదు. అయ్యగారి కోసం వండింది మనం తినడమేమిటని భయం. చివరికి ఊళ్లో అందరికన్నా పెద్దది, లగీ ముసలమ్మ, కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "నాకు పళ్లూ లేవు, సిగ్గూ లేదు. ఆ పొట్లం ఇటివ్వవే పిల్లా," అంది. ఆవిడ వెనక ఒకరు, ఆ వెనక పదిమంది. ఆ రోజు బుట్ట అడుగుదాకా ఊడ్చేశాం.

తర్వాతి ఆదివారం వంతు పక్కింటివాళ్లది. శనివారం సాయంత్రం వదిన వాళ్లింటికి వెళ్లి గుర్తుచేసింది.

"ఎవరి కోసం వండమంటావు? దయ్యాల కోసమా?" అన్నారు వాళ్లు.

"అయ్యగారు వెళ్లారు సరే. దేవుడు కూడా మూట సర్దుకుని ఆయనతో పాటు పడవెక్కాడా? ఆరాధనకి వచ్చినవాళ్లందరం కలిసి తిందాం. వంతు మాత్రం తప్పకూడదు," అంది.

అదీ మొదలు. పొరపాటున మోసుకెళ్లిన బుట్ట పద్ధతైపోయింది. చెప్పకేం, యోనా కోసం రానివాళ్లు పొట్లాల కోసం వచ్చేవాళ్లు. వచ్చి పాడేవాళ్లు. పాడాక కబుర్లు చెప్పుకునేవాళ్లు. అంతకుముందు ఒకరింటి వంట ఇంకొకరికి తెలిసేది కాదు, ఇప్పుడు ఎవరి చేపలో ఉప్పెక్కువో ఊరందరికీ తెలిసిపోయింది.

సెప్టెంబరులో ముసలం పుట్టింది. కొత్త అయ్యగారిగా ఎవరిని పిలవాలని సంఘం కూర్చుంది. మా ఆయన తన తల్లి తరఫు బంధువు, పెద్దాయన ఒకరి పేరు చెప్పాడు. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. అంతలో ఎవరో మికాఏలే అనే కుర్రాడి పేరు ఎత్తారు, అప్పుడే బైబిలు పాఠశాల ముగించినవాడు, భార్య బాగా పాడుతుందట. అందరి మొహాలూ వెలిగాయి. మా ఆయన మొహం ఆరిపోయింది. లుంగీ సర్దుకుని లేచి, "నా మాటకి విలువ లేని చోట నాకు పీట అక్కర్లేదు," అని బయటికి నడిచాడు. ఆ మరుసటి ఆదివారం నుంచి మా వంశమంతా ట్రక్కెక్కి పక్క ఊరి మందిరానికి పోవడం మొదలుపెట్టాం. మాది అన్నిటికన్నా పెద్ద కుటుంబం. మేం పోతే మా మందిరంలో సగం బల్లలు ఖాళీ.

కొన్నాళ్లకి మా సంఘాల జిల్లా పెద్ద వచ్చి చూసి, ఖాళీ బల్లలు లెక్కపెట్టుకుని, మెత్తగానే చెప్పి వెళ్లాడు. మే నెల సభలోగా ఊరంతా కలిసి ఒక్క పేరు చెప్పాలి, లేకపోతే మమ్మల్ని పక్క ఊరి సంఘంలో కలిపేస్తారు, మా మందిరం మూతపడుతుంది. ఆ మందిరం గోడల సున్నం మా ముత్తవ్వలు సముద్రంలో మునిగి తెచ్చిన పగడపు రాళ్లు కాల్చి చేసింది. ఆ మాట విన్న రోజున వదిన గోడని చేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడిందని లగీ ముసలమ్మ నాకు చెప్పింది.

అక్టోబరులో మా వంతు వచ్చింది. శనివారం సాయంత్రం వదిన మా ఇంటికొచ్చింది. మా ఇళ్లకి స్తంభాలే గానీ గోడలుండవు కదా, దాక్కోవడానికి చోటేదీ. మా ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

"ఏమే లోసా, రేపు మీ వంతు," అంది నాతో, ఆయనకి వినబడేలా.

"మేం పక్క ఊరికి పోతున్నాం. మా పేరు కొట్టేయండి," అన్నాడు ఆయన స్తంభంతో.

"ఆ పేరు నువ్వు రాసిందా తమ్ముడూ, నువ్వు కొట్టేయమనడానికి? మన తాత వంతు అది. రేపు మీ బుట్ట కోసం చూస్తుంటాం." చెప్పి వెళ్లిపోయింది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మాలో అన్నదమ్ములకి అక్కచెల్లెళ్లు నిబంధన. అంటే చెరపరాని ఒప్పందం. ముందు ఆడతోబుట్టువు ముద్ద తింటే గాని మగవాడి ముద్దకి రుచి లేదు. ఆమె ఆకలితో ఉంటే ఆ ఇంటి పెద్ద పెద్దే కాడు. తర్వాతెప్పుడో దేవుని వాక్యం పడవల్లో వచ్చింది. దాన్ని తెచ్చిన అయ్యగార్లకి ఏ మర్యాద చేయాలో తెలియక, మా పూర్వులు తమకి తెలిసిన మర్యాదల్లో అన్నిటికన్నా పెద్దది వాళ్లకిచ్చారు. ఊరికి అయ్యగారు అక్కలాంటివాడు అన్నారు. నిబంధన అన్న పేరే ఆయనకీ పెట్టారు. ఆదివారం బుట్ట అలా పుట్టింది.

ఆ ఆదివారం పక్క ఊరి నుంచి ట్రక్కులో తిరిగొస్తున్నాం. ఊరికున్నది ఒక్కటే రోడ్డు, అది అయ్యగారింటి ముందు నుంచే పోతుంది. అరుగు నిండా జనం. తెల్లబట్టల్లో చాపల మీద కూర్చుని పాడుతున్నారు. మధ్యలో బుట్ట లేదు. మెట్టు మీద మా వదిన, విసనకర్ర ఊపుకుంటూ. మమ్మల్ని చూసి చెయ్యి కూడా ఊపింది.

ఇంకెవరో తమ ఇంటి నుంచి దుంపలు తెస్తామంటే వద్దందట. "ఇవాళ వంతు ఫిలీపోది. ఆయన వంతు మనం తినేస్తే ఆయనకి తిరిగొచ్చే దారేది?" అందట. ఎండెక్కేకొద్దీ ఒక్కొక్కరూ ఇళ్లకి జారుకున్నారు. వదినా, సెమీసి అన్నయ్యా సాయంత్రం ప్రార్థన గంట దాకా అక్కడే ఉండి, ఏమీ తినకుండా ఇంటికి వెళ్లారు. ఇంట్లో ఆవిడ పొయ్యే వెలిగించలేదు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అని లగీ ముసలమ్మ ఆవిడని చీవాట్లు పెట్టింది. "పోయినవాడు పోయాడు. పస్తుండి నువ్వు సాధించేదేముంది?"

"పోలేదు పిన్నీ. దారి తప్పాడు. మా సెమీసి అంతే కదా, ఎటు బయల్దేరినా చేప దగ్గర తేలతాడు. మా తమ్ముడూ అంతే, ఎటు పోయినా ఈ అరుగు మీదే తేలతాడు," అందట వదిన.

డిసెంబరులో మళ్లీ మా వంతు. మళ్లీ శనివారం కబురు, మళ్లీ ఖాళీ అరుగు. ఈసారి వాన కూడా. చూరు కింద ముడుచుకుని కూర్చుని పాడుతున్నారు. మా ఆయన ట్రక్కు నడిపేవాణ్ణి తొందరపెట్టాడు. ఇంటికొచ్చాక విస్తరి ముందు కూర్చుని దుంప విరిచాడు, మళ్లీ పెట్టేశాడు. "ఉప్పు లేదు," అన్నాడు. ఉప్పుంది. అనవలసింది చాలా ఉంది. నాకు మాత్రం మా మందిరం మీద మనసు లేదా? పెళ్లి అక్కడే, పిల్లల బాప్తిస్మం అక్కడే. పక్క ఊళ్లో మైకుంది, పెద్ద వాయిద్యాలున్నాయి, నా పక్కన పాడేవాళ్లే లేరు.

ఫిబ్రవరి మొదటి శనివారం వదిన మూడోసారి వచ్చింది. స్తంభం పక్కన కాసేపు నిలబడి, మా ఆయన వీపు వైపు చూసి, నాకేసి నవ్వి వెళ్లిపోయింది. చిక్కిపోయినట్టు కనిపించింది నాకు. నిజంగా చిక్కలేదు, ఆ ఒళ్లు రెండు పస్తులకి చిక్కేది కాదు. కానీ నా కంటికలా అనిపించింది. మా ఆయనకి కూడా అనిపించి ఉండాలి.

ఆదివారం పొగ వాసనకి మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. పెరట్లోకి చూస్తే మా ఆయన ఒంటిమీద చొక్కా లేకుండా, రాళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని మంట ఊదుతున్నాడు. పెద్దరికం వచ్చిన ముప్పై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా పొయ్యి ముట్టుకోలేదు. అది కుర్రాళ్ల పని. కానీ ఆ అరుగు కోసం ఈ ఇంట్లో ఎవరూ నిప్పు రాజేయడానికి వీల్లేదని కుర్రాళ్లకి ఆయనే చెప్పాడు. తన మాట తనే మింగాలి, మింగేది నలుగురూ చూడకూడదు. అందుకని ఒక్కడే.

రాళ్లు ఎర్రబడకముందే దుంపలు పేర్చాడు. చూశాను. ఆకులు పలచగా కప్పాడు. చూశాను. మందిరం గంట మొదటిసారి మోగగానే కంగారుపడి అన్నీ పైకి తీసేశాడు. ఆ దుంపలు ఉడకలేదని నాకు అక్కడి నుంచే తెలుసు. చెప్పొచ్చు. చెప్పలేదు. అయిదు నెలలు నన్ను ట్రక్కులో ఎగరేసుకుంటూ పక్క ఊరికి తిప్పాడు, ఆ మాత్రం కసి నాకుండదా? పైగా చెప్తే మళ్లీ మొదటి నుంచీ వండాలి, ఈలోగా మనసు మారిపోతే?

"ట్రక్కు అక్కర్లేదు. నడిచే పోదాం," అన్నాడు, బుట్ట తనే ఎత్తుకుంటూ.

మందిరంలో మేం అడుగుపెట్టేసరికి సెమీసి అన్నయ్య చేప కడుపులో ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు. తర్వాత, ఆయన జీవితంలో మొదటిసారి, యోనాని అక్కడే వదిలేసి, "స్తోత్రం. పాట పాడుకుందాం," అన్నాడు. మా గొంతులు కూడా కలిసేసరికి పైకప్పు లేచిపోతుందేమో అనుకున్నాను. నా పక్కన మా వదిన మధ్యమ స్వరం పట్టింది, నేను పై స్వరం అందుకున్నాను. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, పాటల పుస్తకం ఆవిడా నేనూ కలిసి పట్టుకున్నాం.

తర్వాత అరుగు మీద బుట్ట విప్పారు. అందరికీ తలో దుంప. ప్రార్థన అయింది. అందరం కొరికాం.

చేమదుంప సరిగ్గా ఉడకకపోతే ఏమవుతుందో తిన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. నాలుక మీద మొదలై గొంతులోకి పాకింది దురద. నలభై మంది, ఒక్కరూ నోరు విప్పలేదు. అయ్యగారి అరుగు మీద పెట్టింది కాదనకూడదు. పైగా అయిదు నెలల తర్వాత ఇల్లు చేరినవాడి మొదటి బుట్ట. సెమీసి అన్నయ్య కళ్లు మూసుకుని నమిలాడు, ప్రార్థనో బాధో తెలియలేదు. పిల్లలు ఏడుపుమొహాలతో తల్లులవైపు చూశారు.

"దేవుడు నాకు పళ్లెందుకు తీసేశాడో ఇవాళ అర్థమైంది," అంది లగీ ముసలమ్మ, దుంప మెల్లగా ఒళ్లోకి జార్చేస్తూ.

అప్పుడు మా ఆయన తన దుంప కొరికాడు. ఆ మొహం ఎర్రబడటం, కళ్లలో నీళ్లు తిరగడం నేను చనిపోయేదాకా మర్చిపోను. చుట్టూ చూశాడు. అందరూ నములుతున్నారు. మా వదిన తనది పూర్తిగా తినేసి, చెయ్యి చాపి బుట్టలోంచి ఇంకోటి తీసుకుంది.

"అక్కా, వద్దు," అన్నాడు ఆయన. అయిదు నెలల్లో ఆవిడ మొహం చూసి అన్న మొదటి మాట. "అది ఉడకలేదు."

"రెండు ఆదివారాలు నీ కోసం పస్తున్నాను తమ్ముడూ," అంది ఆవిడ, గొంతు గోక్కుంటూ. "దురదకి ఓర్చుకోలేనా?"

ముందు ఆవిడ ఒళ్లు ఊగింది. తర్వాత పక్కన కూర్చున్న నేను. ఆ తర్వాత అరుగంతా. నవ్వీ నవ్వీ, దగ్గీ దగ్గీ, కొబ్బరిబొండాల కోసం పరుగులు పెట్టి, నీళ్లు గొంతులో పోసుకుంటూ మళ్లీ నవ్వాం. మా ఆయన తల దించుకుని అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మొదట ఏడ్చాడు, తర్వాత ఆయన కూడా నవ్వాడు. ఆ మధ్యాహ్నం నాకెంత సంతోషమేసిందంటే, ఆ దుంపలు ఇంకో గంపెడు తినమన్నా తినేదాన్ని.

మే సభలో మా ఆయన లేచి, "పేరు మీరే చెప్పండి, నేను అవునంటాను. నా దుంప మింగినవాళ్ల మాట కాదనే మొహం నాకు లేదు," అన్నాడు. మికాఏలే అయ్యగారి పేరు రాసుకుని జిల్లా పెద్ద వెళ్లిపోయాడు. మందిరం మాకే మిగిలింది.

జూన్ రెండో ఆదివారం కొత్త అయ్యగారు మొదటిసారి వాక్యం చెప్పారు. అందులో చేప రాలేదు. సెమీసి అన్నయ్య కొంచెం వెలితి పడ్డాడు గానీ బయటపడలేదు. వంతుల ప్రకారం ఆ ఆదివారం మాదే. ఈసారి కుర్రాళ్లే వండారు, మా ఆయన మాత్రం పొయ్యి పక్కనే పీటేసుకుని, ఎవరు ఆకులు ఎత్తబోయినా చెయ్యి మీద కొడుతూ కూర్చున్నాడు.

అయ్యగారింటి తాళం తీసి ఉంది. గుమ్మంలో అయ్యగారు, పక్కన చిన్న వయసు అమ్మగారు, బుట్ట అందుకోవడానికి చేతులు చాపి నిలబడ్డారు. ఊరంతా వెనక. వదిన ఎప్పటిలాగే కింది మెట్టు మీద కూర్చుని ఉంది, దారికి అడ్డమని లేవబోయింది. మా ఆయన ఆగాడు. బుట్ట అయ్యగారికి ఇవ్వలేదు. వంగి, రెండు చేతులతో, అక్క ముందు పెట్టాడు.

అమ్మగారి చేతులు గాలిలో ఉండిపోయాయి.

"తప్పనుకోకండి అయ్యగారూ," అన్నాడు మా ఆయన. "అక్కకి పెట్టే చెయ్యితోనే మీ ముందరి అయ్యగార్లకీ పెట్టాం. నేనే మధ్యలో మర్చిపోయి, అక్కని పస్తుంచాను. ముందు ఆవిడ తినాలి. తర్వాత మీరు."

కుర్ర అయ్యగారు ఒక్క క్షణం చూశారు. తర్వాత చెప్పులు విడిచి, మెట్లు దిగి వచ్చి, మా వదిన పక్కన కింది మెట్టు మీద కూర్చున్నారు. అమ్మగారు కూడా ఆయన వెనకే వచ్చి కూర్చుంది.

వదిన మొహం తడిసిపోయింది. తుడుచుకోలేదు. ఆకు విప్పి, ఒక దుంప తీసి, అందరూ చూస్తుండగా బొటనవేలితో గట్టిగా నొక్కింది.

"ఉడికింది," అంది. "అయ్యగారికి పెట్టు తమ్ముడూ."